వదులు

టేపుకి మూడు రంగులు.
పచ్చ, పసుపు, ఎరుపు.
జబ్బకు చుట్టి, కొసను సందులో దూర్చి లాగితే
ఏ రంగు దగ్గర ఆగితే
ఆ బిడ్డ ఆ రంగు.

ఇయ్యాల మస్తానమ్మ వంతు.
మూడేళ్లు దాటినాయి. కసుమూరు మొక్కు బిడ్డ.
అల్లూరు దాటినాక ఉప్పుకాలవ గట్టున మా సెంటరు.
తెల్లారకముందే బిడ్డను గడపలో దించి
అంకమ్మ రొయ్యల గుంటల్లో మేత చల్లేదానికి పోయింది.
రొయ్యకు పొద్దుకు నాలుగు మేతలు.
తూచి చల్లాల, తడవకొకసారి ట్రే పైకి లాగి
తిన్నదా, మిగిల్చిందా చూసి
బుక్కులో రాయాల.

మా బుక్కులో ఇరవై మూడు పేర్లు.
ఆధార్ ఉండేవి పదహారు.
గుడ్లూ పదహారే.
ఆయా సుబ్బరత్తమ్మ దారంతో కోస్తది,
కత్తి అయితే పచ్చసొన అంటుకుపోతదని.
పదహారును ఇరవై మూడు చేసే లెక్క
ఏ ట్రైనింగులోనూ చెప్పలా.

ఎదురుగా టీ అంగట్లో టీవీ.
బడ్జెట్ చదవతా ఉండారు.
ముందు ఒక పద్యం. తర్వాత గుటకెడు మంచినీళ్లు.
తర్వాత కోట్లు.
కోటి కోటికీ బల్లలు చరస్తా ఉంటే
మస్తానమ్మ ఉలిక్కిపడి నా కొంగు పట్టుకుంది.
గ్లాసు పట్టుకుని శీనయ్య కేకేసినాడు:
"మన పిల్లకాయలకేమన్నా చెప్పినారా మేడమ్?"
ఇంకా రాలేదన్నా, వింటా ఉండు, అన్నా.
పొద్దుగూకినా రాదని నాకు తెలుసు.
మా పద్దు పైకి చదివేది కాదు.
అనుబంధంలో ఉంటది, సన్నక్షరాల్లో,
పేజీ మూలన "వేలల్లో" అని రాసి,
మూడు సున్నాలు ముందే మింగి.

పదకొండున్నర దగ్గర గీత.
ఇవతల ఎరుపు.
మస్తానమ్మ పదకొండు పాయింట్ నాలుగు.
ఒక్క మిల్లీమీటరు.
చీమ తలకాయంత.

చెప్పకుండా ఉండలేను.
పోయిన ఏడు నా చేతుల మీదే ఆరు ఎరుపులు తేలినాయి.
మీటింగులో నన్ను నిలబెట్టి
"నీ సెంటరుకే ఎందుకమ్మా ఇన్ని?" అన్నారు.
కుర్చీలన్నీ నా వైపు తిరిగినాయి.
మరసటి నెల టేపు రవంత వదులు చేసినా.
ఎంతో కాదు,
బియ్యపు గింజ దూరేంత.
ఆరుగురూ పసుపుకొచ్చినారు.
చప్పట్లు కొట్టి, నాకొక స్టీలు గిన్నె ఇచ్చినారు.

నాలాగే పక్కూళ్లో ఒకామె,
కావలి అవతల ఇంకొకామె,
తలా ఒక గింజ వదులు చేసినట్టుండారు.
ఏడు తిరిగేసరికి కాగితం వచ్చింది:
"బలహీన బాలల సంఖ్య తగ్గినందున
అదనపు పాల కేటాయింపు నిలుపుదల చేయడమైనది."
కింద ఎవరిదో సంతకం.
దాని మీద నా వేలిముద్ర.
నాకు తప్ప ఎవరికీ కనపడదు.

ఆ గిన్నెలోనే ఇయ్యాల గుడ్లు ఉడికినాయి.

మస్తానమ్మ చెయ్యి చాపింది,
ప్రతి నెలా గాజు తొడుగుతానని అనుకుంటది.
ఈసారి నొక్కలా, వదల్లా.
ఎరుపు.
ఫోన్లో పదకొండు పాయింట్ నాలుగు కొట్టినా.
తెర మీద గుండ్రం తిరగతా ఉంది.
అది ఆగితే నెల్లూరు పెద్దాసుపత్రి. పద్నాలుగు రోజులు,
తల్లి పక్కనే ఉండాల.
అంకమ్మ పద్నాలుగు రోజుల కూలీ
ఏ పద్దు కింద రాసినారో
టీవీలో ఆయన నీళ్లు తాగి చెప్తాడేమో అని
చెవి అటే పెట్టినా.
బల్లలు మోగినాయి. వేరే దేనికో.

అవతల గుంటల్లో మూడో మేత టైము.
ఎవరో ట్రే పైకి లాగతా ఉండారు.
గుండ్రం ఇంకా తిరగతానే ఉంది.
టేపు విప్పబోతే
మస్తానమ్మ చెయ్యి వెనక దాచుకుంది.
"నాది," అంది.