ఏడు టేపులూ పదకొండు అంగుళాలూ

మొదటి అంగుళం తెగిపోయిన టేపు నాది.
ఇత్తడి బిళ్ళ ఎప్పుడో ఊడింది.
ఒకటి నుంచి మొదలుపెట్టి కొలుస్తా, ఒకటి తీసేస్తా.
టంగుటూరులో ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది
మౌలాబీ కుట్టిన జాకెట్టు చంక పట్టదని.

ఆ పొద్దు ఆయన్ని ఆటోలో రిమ్సుకు తీసుకుపోయారు.
తోడు మా ఆడబిడ్డ ఎక్కింది.
నేను రోడ్డు మీదే ఉండిపోయా,
ఎందుకో నన్నడగొద్దు.
కొండపి రోడ్డొచ్చి కలిసే చోట
తారు మీద నల్లగా ఒక గీత.
సుద్దముక్కతో గుడ్డ మీద గీసినట్టు
తిన్నగా పోయి పోయి
చివర చటుక్కున ఎడమకు విరిగింది.
తూర్పున మబ్బు పట్టింది.
నాలుగు చినుకులు పడి, నలభై లారీలు తిరిగితే
కాలేషా బ్రేకు వేసిన సంగతి
లోకంలో ఇంకెక్కడా ఉండదు.

మెడలో టేపు మెడలోనే ఉంది.

వంగి కొలిచా.
లారీలు హారన్లు కొడుతుంటే,
పొగాకు బేళ్ళ ట్రాక్టరువాడు
"పిచ్చా ఏందమ్మా నీకు" అని తిట్టిపోతుంటే,
మోకాళ్ళు తారుకు అంటుకుంటుంటే కొలిచా.
ఏడు టేపులూ పదకొండు అంగుళాలూ.
రోడ్డు అంచు నుంచి గీతకు మూడడుగులు,
అంటే తన పక్కనే తను వస్తున్నాడు.
గాజుపెంకులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో
అదీ రాసుకున్నా కొలతల పుస్తకంలో,
"కోమలి, చెస్టు ముప్పయ్యారు, చెయ్యి తొమ్మిది"
కింద.

పోలీసు కాయితంలో ఒకటే ముక్క:
"మోటార్‌సైకిల్ అతివేగముగా వచ్చి కారును గుద్దినది."
వచ్చి గుద్దినది!
పెద్దరోడ్డున తన దారిన పోయేవాడు వచ్చినవాడయ్యాడు.
పక్కరోడ్డులోంచి ఆగకుండా దూకిన తెల్లకారు
పాపం, అక్కడే పుట్టి పెరిగినట్టుంది.

టీకొట్టు మాల్యాద్రి రోజంతా ఆ మలుపునే చూస్తుంటాడు.
"చూళ్ళేదక్కా, పాలు పొంగుతుంటే అటు తిరిగా.
చప్పుడు మాత్రం విన్నా."
పద్నాలుగు నెలలయింది,
ఆ పాలు ఇంకా పొంగుతానే ఉన్నాయి.

గోనెసూదితో బేళ్ళు కుట్టేవాడు మా ఆయన.
కుడికాల్లో ఇప్పుడు ఇనపకడ్డీ.
"కనబడ్డానే, వాడికి నేను కనబడ్డా.
కళ్ళూ కళ్ళూ కలిశాయి. ఆగుతాడనుకున్నా.
ఆగలా."
రాత్రిళ్ళు పైన రేకులకు చెప్పుకుంటాడు.
చూపుకు కొలత లేదు.
ఉంటే అదీ రాసుండేదాన్ని.

ఒంగోలు కోర్టులో ఇన్సూరెన్సు ప్లీడరు
నా పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.
ఎవరి నడుమెంతో పైకి చదివాడు. వెనక బెంచీలో నవ్వారు.
"తప్పంతా కారుదేనంటే ఎట్టమ్మా,
సగం మీవాడిది కూడా ఉంటుందిగా"
అన్నాడు, మీటరు గుడ్డ మధ్యకు చించినట్టు.
తర్వాత టేపు చూశాడు.
"ఇదే ఒక అంగుళం తక్కువుంది!
ఈ దొంగ టేపుతోనా నువ్వు రోడ్డు కొలిచింది?"

"తక్కువేనండీ.
ఏడుసార్లు పరిచా, ఏడంగుళాలు తీసెయ్యండి.
ముప్పై అయిదడుగుల నాలుగంగుళాలు.
గీత పొట్టిదయితే బండి నిదానమనేగా,
అది మాకే కలిసొస్తుంది.
అందుకని చెప్పడంలా.
కొలత కొలతేనండీ."

జడ్జిగారు రాయడం ఆపారు.
"ఆ టేపు ఇటివ్వండి" అన్నారు.
నంబరు చీటీ కట్టి కోర్టువాళ్ళే ఉంచుకున్నారు.
వాయిదా వచ్చే నెల ఇరవై రెండుకు పడింది.

బస్టాండు దగ్గర కొత్త టేపు కొన్నా, ఇత్తడి తళతళ.
చెయ్యి సున్నా నుంచే పెట్టింది గానీ
బుర్ర అలవాటుకొద్దీ ఒకటి తీసేసింది.
కోమలి జాకెట్టు పట్టుకొచ్చింది, చంక పడుతోందని.

తప్పు నాదే, కూచో, అన్నా.
విప్పి కుడతా.