లిఫ్టు సంగతి తర్వాత

టిబిలిసిలో తొమ్మిదంతస్తుల కింద, మెట్ల దగ్గర
ఇరవై మందిమి. ఒకటే బల్బు.
లిఫ్టు ఆగి నలభై రోజులు.

పోయిన సమావేశంలో ఏం తేలిందో ఎవరికీ గుర్తులేదు,
నుగ్జార్ కుర్చీ కాలు విరిగిందన్నది తప్ప.

"ముందు ఎలా మాట్లాడుకోవాలో
మాట్లాడుకుందాం" అంది
ఎనిమిదో అంతస్తు త్సియాలా.
మోకాళ్లు పట్టుకుని దిగొచ్చింది, ఇంకా రొప్పుతూనే ఉంది.
లిఫ్టు డబ్బాలో వేసే ఇరవై తెత్రీల నాణెం తీసింది:
ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట.
అరచేతిలో వేడెక్కితే పక్కవాళ్లకి ఇచ్చెయ్యాలి.

గోడ మీద సుద్దతో రాశాం.
పాత బాకీలు తవ్వకూడదు.
మొహమాటానికి తలూపకూడదు.
పోయినవాళ్లని సాక్ష్యానికి పిలవకూడదు.
అది తననేనని బద్రీ లేచాడు;
చేతిలో నాణెం లేదు, కూర్చున్నాడు.
తొమ్మిదింటికల్లా ముగించాలి.
మెట్లెక్కని కింది ఇంటివాళ్లకీ ఓటుందా?
దీనికే గంట పట్టింది.
ఉంది, అని రాశాం.

తొమ్మిదైంది.
లిఫ్టు మాట ఇంకా ఎత్తనేలేదు.
రాసుకున్నాం కాబట్టి లేచాం,
గోడ పట్టుకుని ఒక్కొక్కరం పైకి.

నాణెం ఏదని మూడో అంతస్తులో ఎవరో అడిగారు.

కింది ఇంటి ఎతేరీ, సాయంత్రమంతా
నోరు విప్పని మనిషి,
గుమ్మంలో నిలబడి పిడికిలి చూపించింది.
"కాలిపోతోంది," అంది.
"గురువారం మొదటి మాట నాది."