వాసన రాని ఏనుగు

టీవీ వచ్చిన రోజు
పాలమనేరు నుంచి ఆటోలో, దుప్పట్లో చుట్టి,
పురిటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారు.
గోడకు నాలుగు బొక్కలు వేస్తే
సగం సున్నం రాలి నా హాజరుపట్టీ మీద పడింది.
గుండ్లమడుగు బడిలో మేం ఇరవై ఇద్దరం,
నన్నూ కలుపుకుంటే.

మొదటి పాఠం: ఏ.
ఏ అంటే ఏనుగు.
నీలం రంగు ఏనుగు, రెప్పలు ఆడిస్తూ,
తొండం మీద బంతి తిప్పుతూ
"హాయ్ పిల్లలూ!" అంది.
ఒకటో తరగతి చప్పట్లు కొట్టింది.
మూడో తరగతి కొట్టలేదు.
లోహిత లేచి అడిగింది:
"ఇది యా అడివిది టీచర్?"

నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.
మొన్న రాత్రే వాళ్ళ టమోటా తోటలో
కట్టెలూ కాయలూ డ్రిప్పు పైపులూ
ఒకే ముద్దగా తొక్కి పోయాయి.

పాఠం చివర ప్రశ్న:
ఏనుగు ఎక్కడ ఉంటుంది?
అడవిలో. నీటిలో. ఆకాశంలో.
లోహిత వేలు మూడింటి మీదా తిరిగింది,
ఈగ వాలడానికి చోటు వెతికినట్టు.
"మా చేను లేదు కదా టీచర్ ఇందులో."
ఏదో ఒకటి నొక్కమన్నాను.
ఆకాశం నొక్కింది.
టీవీ 'టుంయ్' మని వెక్కిరించింది.

ఆ పూట ఇంటికి పోతూ బస్సులో
ఆ 'టుంయ్' నా చెవిలోనే ఉంది.
పద్నాలుగేళ్ళుగా నేనూ అదే చప్పుడు
నోటితో చేస్తున్నానేమో.

మర్నాడు ట్యాబ్ తీసి పిల్లల చేతిలో పెట్టాను.
ఎర్ర చుక్క నొక్కితే వింటుంది,
మళ్ళీ నొక్కితే చెబుతుంది, అంతే, అన్నాను.
రెండు రోజులు అది విన్నవి:
దగ్గు, కోడికూత, ఎవరిదో అవ్వ తిట్టిన తిట్టు,
పదమూడో ఎక్కం సగం వరకు,
తమ గొంతు తామే విని
"ఇది నేను కాదు" అని వాదులాట.

వేలు మాత్రం ముట్టలేదు.
వాళ్ళది గుడియాత్తం వైపు నుంచి వచ్చిన ఇల్లు,
ఇంట్లో అరవం, వీధిలో తెలుగు,
బడిలో రెండూ కాని మౌనం.
జూన్‌లో ఒకసారి ఏనుగును 'యానై' అన్నాడు.
క్లాసంతా నవ్వింది.
అప్పట్నుంచి హాజరుకు చెయ్యెత్తుతాడు,
నోరెత్తడు.

శుక్రవారం, గుడ్లు ఉడుకుతున్న వేళ,
ట్యాబ్ కనబడలేదు. వేలూ కనబడలేదు.
వంట షెడ్డు వెనక, కట్టెల మోపు పక్కన
గొంతుక్కూర్చుని ఉన్నాడు
దాన్ని రెండు మోకాళ్ళ మధ్య పెట్టుకుని.
నేను వెనక్కి తగ్గాను.
నా చెప్పుల చప్పుడు కూడా
ఆ రోజు ఎక్కువే అనిపించింది.

అందరినీ కూర్చోబెట్టి,
వాణ్ణి అడిగి, వాడు తల ఊపాకే, వినిపించాను:

"ఏనుగు వొచ్చేకి ముందు వాసన వస్తాది.
నానిన గోతం మాదిరి. మాగిన పనసపండు మాదిరి.
మా తాత మోటారు ఆపేస్తాడు.
కొమ్మ ఇరిగితే లైటు ఎయ్యగూడదు.
టమోటా తినదు అది. తొక్కి పోతాది.
పోయినంక నేలలో దాని అడుగు ఉంటాది,
నేను అందులో కూర్చుంటే పడతా.
మా తాత ఏడ్చల్యా. బీడీ ముట్టించినాడు.
యానై కూడా, పాపం, ఆకలే గదా."

ఎవరూ నవ్వలేదు.
'యానై' దగ్గర కూడా.
లోహిత అంది, "ఇంగోసారి పెట్టండి టీచర్."
ఇంకోసారి.
ఒకటో తరగతి పిల్ల ఒకతె
ట్యాబ్ దగ్గరికి ముక్కు తెచ్చి వాసన చూసింది.

ఇప్పుడు టీవీలో నీలం ఏనుగు పక్కనే
మా ఏనుగు పాఠం ఉంది.
బొమ్మ లేదు, నల్ల తెర, గొంతు ఒక్కటే.
ప్రశ్నలు పిల్లలే రాశారు,
జవాబులు మూడుకు మించిపోయాయి.

రిసోర్సు పర్సన్ వచ్చి చూశారు, బాగుందన్నారు.
మొదట్లో పదకొండు సెకన్లు ఏమీ లేదే,
కత్తిరించెయ్యండి, అన్నారు.
కత్తెర గుర్తు ఎక్కడుందో నాకు తెలుసు.
ఆ పదకొండు సెకన్లలో
కట్టె చిటపట, దూరంగా కాకి,
ఒక ఊపిరి లోపలికి పోయి
చాలాసేపు బయటికి రాకపోవడం.

జూన్ నుంచి పట్టింది వాడికి ఆ ఊపిరి.
నేను కత్తిరించలేదు.