మెడ తిరిగిన పిల్ల

రోళ్లు పగిలే కార్తెలో
రోజు వయసు పిల్లలొచ్చాయి.
పెట్టెకి వంద. చిల్లికో ముక్కు.
నూజివీడు నుంచి ఫిరంగిపురం దాకా
నీటిచుక్క ఎరగని ప్రయాణం.

ముందు మేత కాదు, నీళ్లు.
సుభానీ చెప్పక్కర్లేదు, నాకు తెలుసు.
తెల్లారుజామున పట్టి
కుండలో చల్లార్చిన బోరు నీళ్లు,
చిటికెడు కాదు, చూపుడువేలంత బెల్లం,
లీటరుకి ఒక గ్రాము పొడి.
పొడి పడగానే బకెట్టు
చామంతి రంగుకి తిరుగుతుంది.
వాసన మాత్రం
పెద్దాసుపత్రిలో మా అమ్మ మంచం కిందిది.

పెట్టెకో పదింటికి నేర్పితే చాలు,
మిగతా తొంభై చూసి నేర్చుకుంటాయి.
అరచేతిలోకి తీసుకుని
ముక్కు ఒక్కసారి ముంచుతాను.
తల పైకెత్తి మింగుతుంది
ఎవరికో దణ్ణం పెట్టుకున్నట్టు.
యాభై పెట్టెలు, ఐదువందల దణ్ణాలు.
నా నడుం నొప్పి
ఒక్క దణ్ణంలోనూ లేదు.

రెండింటికి
కొండవీటి కొండ మీంచి వచ్చేది గాలి కాదు,
ఎసరు మూత తీసిన ఆవిరి.
పిల్లలు నోళ్లు తెరిచి
రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంటాయి,
ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నట్టు.
గోనెలు తడిపి పైపుల మీద కప్పుతాను.
మందు నీళ్లు నాలుగు గంటలు దాటితే పారబోస్తాను,
బంక కడతాయి.
గిన్నెలు కడుగుతాను. మళ్లీ కలుపుతాను.
అట్లా వంగినప్పుడే
రేకులూ ఊకా ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి ఓ రోజు.
ప్యాకెట్టు మీద
'పశువైద్యానికి మాత్రమే' అని రాసుంది.
చదివాను.
చెంబు ముంచుకుని తాగాను.
సుభానీ చూశాడు. ఫోనులో ఏదో వెతుక్కున్నాడు.

పదకొండో రోజు
ఒకదాని మెడ వెనక్కి తిరిగింది.
తోక మీద కూర్చుని కప్పు వైపే చూపు.
చుక్కలు చూసే జబ్బంటారు దీన్ని,
ఏదో విటమిను తక్కువైతే వస్తుందట.
పట్టపగలు చుక్కలంటే నాకూ తెలుసులే,
ప్రతి నెలా ఐదో తారీకు
వడ్డీకి లక్ష్మయ్య వచ్చేటప్పుడు చూస్తుంటాను.

"నులిమెయ్ ఇన్నమ్మా.
నూటయాభై దాకా చావొచ్చని
కంపెనీ కాగితంలోనే ఉంది."
ఉంది.
ఆ నూటయాభైలో ఇది ఉండాలని మాత్రం
ఎక్కడా రాసి లేదు.

చెప్పుల పెట్టెలో పాత లుంగీ ముక్క పరిచాను.
నీళ్లు కింద, దీని ముక్కు ఆకాశంలో.
మనమే పైకి మోసుకెళ్లాలి.
మనవరాలి జ్వరం మందు పిల్లరు కడిగి
గంటకి రెండు చుక్కలు, ముక్కు పక్కనుంచి.
ఎక్కువైతే ఊపిరికి అడ్డం పడుతుంది.
రాత్రి లేచినప్పుడల్లా
అది నన్ను తలకిందులుగా చూసేది.

నాలుగో పొద్దుటికి మెడ నిలబడింది.
పెట్టె అంచు మీదికెక్కి, దూకి,
గుంపులోకి పరుగెత్తింది.
నేను గిన్నె కింద పెట్టి తలెత్తేలోపు
ఏదో తెలియలేదు.
అన్నీ ఒకే తెలుపు, ఒకే తొందర.
మెడ వంకరున్నన్నాళ్లే అది నాది.

నలభై ఒకటో రాత్రి
బెజవాడ లారీ వచ్చింది.
పట్టేవాళ్లు చేతికి ఐదు చొప్పున
కాళ్లు పట్టి బయటికి తెచ్చారు.
తలకిందులుగా పట్టుకుంటే
కోడి మెడ పైకి తిప్పుతుంది.
ప్రతి కోడీ.
నేను లైటు పట్టుకుని నిలబడ్డాను.
ఏది? ఏది?
ఆ రాత్రి మబ్బు లేదు,
చుక్కలు నిజంగానే ఉన్నాయి.

లారీ వెళ్లాక
నీళ్ల గిన్నెలన్నీ బోరు దగ్గర వేసి కడిగాను.
అడుగున పచ్చటి జిడ్డు.
పీచేసి తోమినా
గోళ్ల సందున కొంచెం ఉండిపోయింది.
సోమవారం
కొత్త పెట్టెలొస్తాయన్నారు.