ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది

రెండో పాట సగంలో కరెంటు పోయింది.
న్యూ బ్రైటన్‌లో అదేం వార్త కాదు,
కోతల వేళల పట్టిక గోడకే అంటించి ఉంది,
మేమే చూసుకోలేదు.

నొమాలిజో కీబోర్డు ఆగిపోయింది.
వేళ్లు మాత్రం ఇంకో రెండడుగులు వేశాయి,
చీకట్లో ఉత్త ప్లాస్టిక్ టకటకలాడింది.
నా ఆంప్లిఫయరు బతికే ఉంది
ఫుంబా టాక్సీ బ్యాటరీ మీద,
తెల్లారి రేవుకి జనాన్ని మోయాల్సిన బ్యాటరీ మీద.

"నా కార్డులు కూడా నువ్వే వాయించు," అంది.

ఇరవై ఆరేళ్లుగా నేను కిందే ఉన్నాను.
ఒక్కో కార్డుకీ ఒక్కో పునాదిరాయి.
పైన ఆవిడ ఎన్ని అంతస్తులు వేసుకుంటోందో
ఏనాడూ తలెత్తి లెక్కపెట్టలేదు.
ఇప్పుడీ నాలుగు తీగలతో మేడంతా ఎలా ఎత్తను?

కింది మెట్ల దగ్గర మూడు స్వరాలు కలిపి నొక్కితే
బాస్ గిటారు గొణుగుతుంది,
నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడే మనిషిలా.
పైకి జరగాలి. కొన్నిటిని వదిలెయ్యాలి.
ఐదవది ముందు పోయింది, ఎవరూ వెతకలేదు.
తొమ్మిదవదాన్ని వదలడానికి మనసొప్పలేదు గానీ
చిటికెనవేలు అందలేదు.
మిగిలినవి ఏడవది, మూడవది, పదమూడవది.
ఎనిమిదో మెట్టు, తొమ్మిది, తొమ్మిది.
వేళ్ల కొసలు కొయ్యబారాయి.
మాకు జూన్ అంటే చలి, సముద్రం మీంచి వస్తుంది.

మరి అడుగు స్వరం?
అది ఐదు మెట్ల కింద, లావు తీగ మీద ఉంది.
నా చెయ్యి అంత పెద్దది కాదు.

అప్పుడు గోడ అవతల
సిపాంబో మాంసం కొట్టు జనరేటరు అందుకుంది.
గొర్రె తొడలు పాడవకుండా కాసే ఆ ఒక్కటే హోరు
సరిగ్గా జి.
సరిగ్గా కాదు, వెంట్రుకవాసి ఎక్కువ.
నాలుగు బిరడాలూ ఆ వెంట్రుకవాసి బిగించాను.
పుట్టి బుద్ధెరిగాక
ఇంజనుకి శ్రుతి కలపడం ఇదే మొదలు.
మోన్వాబిసి కూడా విన్నట్టున్నాడు,
శాక్సఫోన్ మూతిని కాస్త లోపలికి తోశాడు.

మీటాను. మూడే స్వరాలు,
వాటి కింద మాంసం కొట్టు.
బెంచీ మీద ఎవరో సీసా కింద పెట్టడం మానేసి
అలాగే చేత్తో పట్టుకుని ఉండిపోయారు.
నా స్వరం నేను వాయించకపోయినా
అది వినబడుతూనే ఉంది.
కొంచెం సంతోషం. కొంచెం రోషం కూడా.

తొమ్మిదీ నలభైకి బల్బు వెలిగింది.
అవతల జనరేటరు ఆగింది.
నా కార్డు కింద నేల లేదు,
మూడు స్వరాలూ గాల్లో కాళ్లు వేలాడేశాయి.

నొమాలిజోకి పది వేళ్లూ ఉన్నాయి.
ఎడమ చిటికెనవేలు ఒక్కటే దించింది,
కీబోర్డు ఆ చివర, ఆవిడ ఎప్పుడూ వెళ్లని మూల.
జి. ఆగి, మళ్లీ జి.
"ఇక్కడ నిలబడటం విసుగ్గా లేదూ?" అంది
పాట ఆపకుండానే.

ఆవిడ జి నా తీగల కంటే వెంట్రుకవాసి తక్కువ.
ఆ సందులో శబ్దం సన్నగా వణుకుతోంది.
నేను బిరడాల జోలికి పోలేదు.