నాలుగు నిమిషాల ఎండ

ప్లేట్‌లెట్లు నిద్రపోకూడదు.
ఇరవై రెండు డిగ్రీల గదిలో
అరల మీద రాత్రంతా
హార్బర్లో కట్టేసిన పడవల్లా ఊగుతుండాలి.
ఆగితే ముద్దకడతాయి.
ఊగినా, ఐదు రోజులే వాటి ఆయుష్షు.

మహారాణిపేట, మూడో అంతస్తు, నైట్ డ్యూటీ.
అరలో ఉన్నది గరికిన దానయ్య సంచీ,
ఎండుగడ్డి రంగులో.
"రేపు ఏటకెల్లాల, బేగి కానియ్యమ్మా" అంటూనే
గంటన్నర సేపు మెషీనుకి చెయ్యప్పగించాడు.
జ్వరం వచ్చిందా అంటే నవ్వాడు:
"సంద్రంలో జొరానికి సోటేదమ్మా?"

పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి.
పరీక్ష కూడా ఒక కన్నే కదా.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌసు తిరుగుతుంటే
వెలుగు అటు మళ్లిన ఆ కాసిన్ని క్షణాల్లో
ఏ పడవ దాటిపోయిందో ఎవరు చెప్పగలరు?
కొత్తగా ఒంట్లో దిగిన వైరస్‌కి
ఆ కాస్త చీకటి చాలు.

ఆ చీకటి మా ఇంటికొచ్చింది ఒకసారి.
మా తమ్ముడు చందుకి తలసేమియా,
మూడు వారాలకో ఎర్ర సంచీ.
పదకొండో ఏట ఏ సంచీలోనో వచ్చి
కాలేయంలో కాపురం పెట్టింది.
ఇచ్చినవాడు మంచివాడే అయుంటాడు.
బిస్కెట్లు తిని, టీ తాగి,
ఒక ప్రాణం నిలబెట్టాననుకునే
ఇంటికెళ్లుంటాడు.

పెందుర్తిలో మా బంగారమ్మత్త మెడ మీద తెల్లమచ్చకి
నానమ్మ బావంచి గింజలు నూరి పట్టించి
డాబా మీద ఎండలో కూచోబెట్టేది.
అత్త గొణిగేది, చెమట తుడుచుకునేది, నీడకి జరిగేది.
"మందొక్కటీ పన్జెయ్యదే,
ఎండొక్కటీ పన్జెయ్యదు.
రెండూ కలవాల. కూకో."

ఆ గింజల చుట్టమే
ఇప్పుడు దానయ్య సంచీలో కలిపాను.
చీకట్లో అది ఏమీ చెయ్యదు.
వైరస్ లోపలికి దూరి
దాని నిచ్చెన మెట్ల మధ్య సర్దుకుని
పిలుపు కోసం కూచుంటుంది, అంతే.
మూత వేస్తాను. మీట నొక్కుతాను.
సందులోంచి ఊదారంగు
నా గోళ్ల మీద పడుతుంది.
నాలుగు నిమిషాల ఎండ.

నిచ్చెన రెండు కాళ్లకీ ముడి పడిపోతుంది.
విప్పుకుంటేనే గదా నకలు రాసుకోవడం!
అది మాయమైపోదు,
తనని తాను మళ్లీ రాసుకోలేదంతే.

మరి ప్లేట్‌లెట్?
దానికి కేంద్రకమే లేదు.
నకలు రాసే పనే లేదు,
ముడి పడితే మాత్రం ఏం పోయింది?
అది వచ్చింది ఎవరిదో గాయం మూయడానికి,
మూసి, పోతుంది.

మిగిలిన మందుని పూసల సంచీ పీల్చుకుంటోంది.
మళ్లీ ఊగుడు, తెల్లారేదాకా.

నాలుగున్నరకి వార్డు నుంచి ఫోను.
ఏడేళ్ల హైమవతికి చిగుళ్ల నెత్తురు ఆగట్లేదట.
ఇంకో గంటమ్మా, అంటాను.
గంటలో ఎన్ని ఊగుళ్లో నాకు తెలుసు,
వాళ్లమ్మకి తెలీదు.

ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా
అటు చూడకుండా ఉండలేను.
ఎర్ర సంచీలు, వరసగా.
ఈ వెలుగు వాటిలోకి వెళ్లదు.
ఎరుపు వెలుగుని మింగేస్తుంది.
ఎక్కడెక్కడో ఎవరెవరో ఇంకా
వేరే దారి వెతుకుతూనే ఉన్నారట.
సోమవారం పొద్దున్న మాత్రం
చందు అంత పిల్లాడొకడు
అమ్మ చెయ్యి పట్టుకుని వస్తాడు.
నేను లేబుల్ రెండుసార్లు చదువుతాను.
మూడోసారి కూడా.

లైట్‌హౌసు ఆర్పేశారు.
దానయ్య బోటు ఈపాటికి
తీరం కనపడనంత దూరం పోయుంటుంది.
అతనిచ్చినది నా రెండు చేతుల్లో,
గదంత చల్లగా.
లిఫ్ట్ రాలేదు.
మెట్లు దిగుతున్నాను,
సంచీని ఊపుతూనే.