శనివారం ఏ ఊరు

పన్నెండు సినిమాల జాబితా
క్యారేజీ కింద మడతపెట్టి తెచ్చుకున్నాను.
ఎంచాల్సింది ఒక్కటి.
హాలు అద్దె ఒక్క సాయంత్రానికే కట్టాం,
అదీ పోయిన నెల బాకీతో కలిపి.

నేను పోర్టులో లెక్కల గుమాస్తాను.
దేశాలు నాకు సరుకుగానే తెలుసు.
ఒకటి బొగ్గు, ఒకటి గంధకం,
ఒకటి ఎరువుల బస్తా, కుట్టు విప్పితే తుమ్ములు.
ఇనప ఖనిజం ఎత్తుకెళ్లే దేశం ఒకటుంది,
ఎరుపు మాత్రం మా చొక్కాలకి వదిలేసి పోతుంది.
ఆ దేశంలో పెళ్లినాడు ఎవరు ఏడుస్తారో,
బడి ఎగ్గొట్టిన పిల్లలు ఎక్కడ దాక్కుంటారో
ఏ బిల్లులోనూ రాయరు.

జాబితాలో రాశారు, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు.
మంచు ఊళ్లో ఉత్తరాలు పంచే ఆడమనిషి.
ఎడారిలో రైలు గేటు,
దాన్ని కాసే అన్నదమ్ములకి మాటల్లేవు.
గనిలో పోయినవాళ్ల చెప్పుల మీద డాక్యుమెంటరీ.
రాత్రి డ్యూటీలో తనతో తానే చదరంగం ఆడే నర్సు.
ఏడుగంటల సినిమా ఒకటి,
అందులో ఏమీ జరగదని వాళ్లే ఒప్పుకున్నారు.

మా సంఘంలో పద్నాలుగు మంది.
కామాక్షి మేడమ్‌కి విషాదం కావాలి,
కానీ సింహాచలం బస్సు వేళకి అయిపోవాలి.
స్టీల్‌ప్లాంటు జోగారావుకి
నలుపూ తెలుపూ అయితేనే సినిమా.
అన్వర్ యుద్ధమైనా పర్లేదు, ముద్దులైనా పర్లేదు,
తర్వాత చర్చ పెట్టకండి అంటాడు.

మధ్యాహ్నం జెట్టీ మీద కూర్చుని పెన్సిలు నమిలాను.
డాల్ఫిన్స్ నోస్ అవతల లంగరేసిన ఓడలు,
రేవులోకి పిలుపు కోసం, ఎన్నాళ్లనించో.
బెర్తు ఒక్కటే ఖాళీ.
ఒకదాన్ని రమ్మనడమంటే
పదకొండింటిని ఉప్పునీళ్లలో నిలబెట్టడం.

చివరికి చేపల ఊరి మీద టిక్కు పెట్టాను.
గొప్ప కారణమేమీ లేదు:
నిడివి డెబ్బై ఆరు నిమిషాలు.

శనివారం వాన.
డిస్కు పెడితే తెర కింద అక్షరాలు రాలేదు.
గొంతులో గులకరాళ్లు తిప్పుతున్నట్టు
ఎవరిదో భాష.
మూడుసార్లు తీసి పెట్టాను, తుడిచాను, ఊదాను.
జోగారావు లేచి గొడుగు వెతుక్కుంటున్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి
గరికిన ఎల్లాజీ, జాలారిపేట మనిషి,
వానకి తలదాచుకోడానికొచ్చినవాడు,
ఏ సంఘంలోనూ చందా కట్టనివాడు:
"కూకోండి బావూ.
ఆల ఇంజనాగిపోనాది.
ఆ ముసిలోడికి కోపం ఇంజను మీద కాదు,
డీజిల్లో నీళ్లు కలిపినోడి మీద."

ఆ తర్వాత మా కింది అక్షరాలు అతనే.
వలని ఎడమ పక్కనించే ఎందుకు లాగుతున్నారో,
చలికాలప్పొద్దు పక్షులు వాలని చోట
ముసలాయన ఎందుకు ఉమ్మేశాడో.
కొన్ని తప్పే అయ్యుంటాయి.
ముసలాయన భార్యతో మాట్లాడుతుంటే మాత్రం
ఊరుకున్నాడు.
"ఏమంటున్నాడు?" అంది కామాక్షి మేడమ్.
"అది ఆలిద్దరి సంగతమ్మా."

ఆఖర్న ఒట్టి సముద్రం,
చాలాసేపు,
తర్వాత పేర్లు.
"పడవొచ్చిందో నేదో సూపించనేదు,"
ఎల్లాజీ లేవలేదు.
"ఇది తీసినోడు ఒడ్డునే నిలబడిపోనాడు,
మా ఆడోలల్లాగ."

చర్చ పెట్టకుండానే పెట్టినట్టయింది.
అన్వర్ కూడా ఏదో అడిగాడు.
సింహాచలం బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

మెట్ల మీద నీళ్లు దాటుతూ ఎల్లాజీ అడిగాడు:
"వొచ్చే శనోరం ఏ ఊరు?"
ఏ సినిమా అని కాదు.
జేబులో తడిసిన జాబితా విప్పాను.
మంచు ఊరొకటుంది, ఉత్తరాలు పంచుతుంది ఒకామె.
"ఎవులు రాసినవి?"

రెండు వాక్యాల్లో
అంతవరకు రాయలేదు.